కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) ప్రముఖ ఇంజనీరు, నీటిపారుదల నిపుణుడు, కేంద్ర మంత్రి. కె.ఎల్.రావుగా సుప్రసిద్ధుడు. కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించిన ఈయన నాగార్జునసాగర్ వంటి భారీ నీటి ప్రాజెక్టుల రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. విజయవాడ నియోజకవర్గం నుండి మూడు పర్యాయాలు లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963 నుండి 1973 వరకు కేంద్ర ప్రభుత్వంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల బాధ్యతలు నిర్వహించాడు. గంగా - కావేరి అనుసంధాన ప్రతిపాదనతో ఈయన పేరు దేశవ్యాప్తంగా తెలిసింది. కృష్ణా డెల్టా కొరకు నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు ఈయన పేరు పెట్టారు.

బాల్యం, విద్యాభ్యాసం

కంకిపాడు విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే బందరు రోడ్డు మీద ఉన్న గ్రామం. కృష్ణా తూర్పు డెల్టాలోని ఈ ప్రాంతపు వ్యవసాయం కాలువ నీటిపై ఆధారపడినది. విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట నుండి ఆ నీరు వచ్చేది. సర్ ఆర్థర్ కాటన్ కృషి ఫలితంగా మంజూరైన ఆ ఆనకట్టను కెప్టెన్ ఛార్లెస్ ఓర్ నిర్మించాడు. రావు పుట్టేనాటికి అది నిలిచి అర్థ శతాబ్దం కావస్తున్నది. కరువు సీమగా పేరుపడిన ప్రాంతం అప్పటికే వరిపొలాల సీమగా మారింది.

రావు తండ్రి గ్రామ కరణం. రావు తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయాడు. పాఠశాలలో ఆటలాడుతుండగా తగిలిన గాయం వలన ఒక కంటి చూపు పోయింది. ఈ రెండు కష్టాలు అతని చదువును ఆపలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి పట్టభద్రుడయ్యాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన తొలి విద్యార్థిగా ఇతనిని పేర్కొంటారు. తరువాత ఇంగ్లండు వెళ్ళి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. పొందాడు.

అధ్యాపకునిగా

రావు బర్మాలోని రంగూనులో ఆచార్యునిగా పనిచేశాడు. ఇంగ్లండులో కూడా కొంతకాలం ఇంజనీరింగు బోధించాడు. నిర్మాణ ఇంజనీరింగు, ఆర్‌సీసీ (ఇనుప ఊచలతో బలపరచిన కాంక్రీటు) అతని ప్రత్యేక విషయాలు. వీటిపై పాఠ్యగ్రంథం కూడా రచించాడు.

ఆర్‌సీసీ రెండు పదార్థాల కలయిక. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడుకు మాత్రం సులభంగా పగులుతుంది. లాగుడు పడే చోట ఉక్కు ఊచలను ఉంచితే ఆ భారాన్ని ఉక్కు మోస్తుంది. చుట్టూ ఉన్న కాంక్రీటు ఆ ఉక్కును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏ పదార్థం ఏ భారానికి తగినది, అది ఎక్కడ, ఎంత ఉండాలి అన్నవి ఈ శాస్త్రంలో మౌలికమైన ప్రశ్నలు. ఇవే ప్రశ్నలు తరువాతి కాలంలో రావు పనిచేసిన ఆనకట్టల విషయంలో మరింత పెద్ద ఎత్తున ఎదురయ్యాయి.

రామపాదసాగరం

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత రావు మద్రాసు ప్రభుత్వంలో రామపాదసాగర్ ప్రాజెక్టుకు డిజైను ఇంజనీరుగా పనిచేశాడు. గోదావరి నదిపై పోలవరం వద్ద తలపెట్టిన భారీ ఆనకట్ట ఇది. నది గర్భంలో ఇసుక చాలా లోతు వరకు ఉండి, గట్టి రాతిపొర అందుబాటులో లేకపోవడం ఈ పథకానికి ప్రధాన అవరోధమైంది. పునాదికే అపారమైన ఖర్చు అవసరమని తేలింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో అంత ధనం సమకూరక ఈ పథకం ఆగిపోయింది. అదే ప్రాంతంలో పోలవరం ప్రాజెక్టు నిర్మాణం 2000 దశకంలో గాని మొదలుకాలేదు.

కేంద్ర జల, విద్యుత్ సంఘం

1950లో రావు ఢిల్లీలో డిజైన్ల విభాగపు డైరెక్టరుగా నియమితుడయ్యాడు. 1954లో కేంద్ర జల, విద్యుత్ సంఘంలో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. మొదటి, రెండవ పంచవర్ష ప్రణాళికలు నడుస్తున్న ఆ కాలంలో హిరాకుడ్, కోసీ, నాగార్జునసాగర్ వంటి పెద్ద ప్రాజెక్టులు ఒకదాని వెంట ఒకటి చేపట్టబడ్డాయి. సిమెంటు, ఉక్కు దేశంలో కొరతగా ఉండేవి. భారీ యంత్రాలను విదేశీ మారకద్రవ్యంతో కొనవలసి వచ్చేది. కనుక గట్టిగా ఉండటంతోపాటు, దేశంలో దొరికే వస్తువులతో కట్టగలగడం కూడా ఆనాటి డిజైనుకు కొలమానమైంది.

కృష్ణా ఆనకట్ట స్థానంలో బ్యారేజి

రావు ఢిల్లీలో ఉన్న రోజులలోనే అతని సొంత డెల్టాకు పెద్ద ఆపద వచ్చింది. 1952 వరదలలో విజయవాడ వద్ద పాత ఆనకట్టలో కొంత భాగం తెగిపోయింది. దాని స్థానంలో కొత్త బ్యారేజి నిర్మాణం 1954లో మొదలై 1957లో పూర్తయింది. దానికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1,223.5 మీటర్ల పొడవైన ప్రకాశం బ్యారేజి క్రింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఆనకట్టకు, బ్యారేజికి ముఖ్యమైన భేదం ఉంది. ఆనకట్ట ఒక స్థిరమైన గోడ. వరద దాని మీదుగా పొర్లిపోతుంది. బ్యారేజిలో స్తంభాల మధ్య ఉక్కు గేట్లు ఉంటాయి. వరద వచ్చినప్పుడు వాటిని ఎత్తివేసి, వరద తగ్గగానే దించి నీటిని నిలుపుతారు. దీనివలన నదిపై అదుపు పెరిగింది. అయితే నీటిని ఆపే పని రాతి గోడ నుండి ఉక్కు పలకలకు, వాటిని కలిపే అతుకులకు, ఎత్తే గొలుసులకు, తీగలకు మారింది.

నాగార్జునసాగర్

మద్రాసు ప్రభుత్వం కృష్ణా నీటిని పెన్నాకు మళ్ళించే కృష్ణా - పెన్నార్ పథకాన్ని ప్రతిపాదించినపుడు డెల్టా రైతులలో ఆందోళన బయలుదేరింది. దానికి బదులుగా నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ మొదలైనవారు కృషి చేశారు. 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని పరిశీలించింది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఈ ప్రాజెక్టు రూపకల్పనలో పాల్గొన్న ప్రముఖులలో రావు ఒకడు.

నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాక రాతి కట్టడంగా నిర్మించారు. నది మధ్య భాగంలోని రాతి ఆనకట్ట పొడవు సుమారు 1,450 మీటర్లు, ఎత్తు సుమారు 124 మీటర్లు. ఇరువైపులా మట్టికట్టలు ఉన్నాయి. రాతి కట్టడాన్ని ఎంచుకోవడానికి కారణాలు:

- ఇది తన బరువుతోనే నీటి ఒత్తిడికి ఎదురు నిలిచే కట్టడం. రాయి బరువైన పదార్థం కనుక ఈ పనికి తగినది. పైగా అది ఆ ప్రాంతంలోనే పుష్కలంగా దొరుకుతుంది.
- ఘనమీటరు కాంక్రీటుకు పట్టే సిమెంటు కంటే ఘనమీటరు రాతి కట్టడానికి పట్టే సిమెంటు తక్కువ. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. సిమెంటు తగ్గితే ఆ వేడి, దాని వలన వచ్చే పగుళ్ళు కూడా తగ్గుతాయి.
- దిగుమతి చేసుకున్న భారీ యంత్రాల అవసరం తగ్గుతుంది. ఆ డబ్బు కూలిగా వేలాది కుటుంబాలకు చేరుతుంది.

దీనిలో కష్టాలు కూడా ఉన్నాయి. చేతిపని కనుక నిర్మాణం నెమ్మదిగా సాగుతుంది. ప్రతి రాయి చుట్టూ సున్నితంగా సిమెంటు నింపకపోతే నీరు కారుతుంది. కనుక పర్యవేక్షణ నిరంతరం అవసరం. పన్నెండేళ్ళ శ్రమ తరువాత 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. అప్పటికి రావు కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా ఉన్నాడు. కుడి కాలువను జవహర్ కాలువ అని, ఎడమ కాలువను లాల్‌బహదూర్ కాలువ అని పిలుస్తారు.

ఉక్కు గేట్లు, వెల్డింగు

రాతితో కట్టిన నాగార్జునసాగర్‌లో కూడా రాతితో చేయలేని భాగం ఒకటి ఉంది. వరదను వదిలే పొర్లుకట్టపై 26 రేడియల్ గేట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 13.7 మీటర్ల వెడల్పు, 13.4 మీటర్ల ఎత్తు ఉంటుంది. నీరు గేటు పైఅంచు వరకు నిండినప్పుడు ఒక్కొక్క గేటుపై సుమారు 1,200 టన్నుల ఒత్తిడి పడుతుంది. వంపు తిరిగిన ఉక్కు పలక ఈ ఒత్తిడిని అందుకుని, వెనుకనున్న దూలాలకు, అక్కడి నుండి రెండు చేతులకు, చివరకు ట్రనియన్ అనే ఇరుసుకు అందజేస్తుంది. ఇరుసు నుండి భారం స్తంభాలలో పాతిన లంగరు ఊచలకు చేరుతుంది. ఈ దారిలో ఏ ఒక్క అతుకు విడిపోయినా గేటు మొత్తం ప్రమాదంలో పడుతుంది. రేడియల్ గేట్ల నిర్మాణ డిజైనుకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 4623 అనే ప్రమాణాన్ని ప్రకటించింది.

ఇటువంటి గేట్లను నేడు ఉక్కు పలకలను వెల్డింగు చేసి తయారు చేస్తారు. అతుకు నాణ్యత దానికి వాడే తీగపై, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే వాయువుపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. కార్ఖానాలో సాధారణంగా రాగిపూత గల ఉక్కు తీగను, కార్బన్ డయాక్సైడు వాయువును వాడతారు. వెల్డింగు వేడికి ఈ వాయువులో కొంత విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది. అది అతుకులో చేరితే లోహం గుల్లబారుతుంది. అందువలన ఆక్సిజన్‌ను పట్టుకునే మాంగనీసు, సిలికాన్ తగినంతగా ఉన్న తీగను ఎంచుకుంటారు. ఈఆర్70ఎస్-6 రకం ఇందుకు ఉదాహరణ. కార్బన్ డయాక్సైడు చవక, మందమైన పలకలలోకి అతుకు లోతుగా దిగుతుంది, కాని నిప్పుతుంపరలు ఎక్కువ. ఆర్గాన్ 80 శాతం, కార్బన్ డయాక్సైడు 20 శాతం కలిపిన మిశ్రమంతో అతుకు నునుపుగా వస్తుంది, తుంపరలు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది.

ఆనకట్ట పైన పరిస్థితి వేరు. నది మీద వీచే గాలికి ఈ వాయువు చెదిరిపోయి అతుకులో బుడగలు ఏర్పడతాయి. గంటకు 8 కిలోమీటర్ల వేగపు గాలి కూడా ఇందుకు చాలు. అందుచేత ఆరుబయట గాలికి అడ్డు కడతారు, లేదా పూత గల ఎలక్ట్రోడులను వాడతారు. బరువు మోసే అతుకులకు ఈ7018 వంటి, హైడ్రోజన్ తక్కువగా విడుదలచేసే రకాన్ని ఎంచుకుంటారు. వీటి పూత గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ నుండి వచ్చే హైడ్రోజన్ అతుకులో చేరితే, చూడటానికి బాగానే ఉన్న అతుకు కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో లోలోపల పగులుతుంది. అందువలన తేమ తగిలిన ఎలక్ట్రోడులను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆరబెట్టి, వేడిపెట్టెలో ఉంచి వాడతారు. వానాకాలంలో డెల్టా వంటి తేమ ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గేటు అడుగున, ప్రక్కల నీరు కారకుండా అమర్చే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలను మామూలు ఉక్కుకు అతికేటప్పుడు, క్రోమియం, నికెల్ అధికంగా ఉన్న 309 రకం తీగను ఉపయోగిస్తారు. పూర్తయిన అతుకులను అల్ట్రాసోనిక్ లేదా ఎక్స్-రే పద్ధతులలో పరీక్షిస్తారు.

రాజకీయ జీవితం

ఉద్యోగ జీవితం తరువాత రావు రాజకీయాలలో ప్రవేశించాడు. 1962లో భారత జాతీయ కాంగ్రెసు అభ్యర్థిగా విజయవాడ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1967, 1971 ఎన్నికలలో కూడా అక్కడి నుండే గెలిచాడు. 1963 జూలైలో నెహ్రూ మంత్రివర్గంలో చేరి, లాల్‌బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వాలలో కూడా కొనసాగాడు. డిజైను బల్ల వద్ద చాలాకాలం పనిచేసిన ఇంజనీరు పదేళ్ళపాటు అదే శాఖకు మంత్రిగా ఉండటం అరుదైన విషయం.

రావు మంత్రిగా ఉన్న కాలంలో జరిగిన ముఖ్యమైన విషయాలు:

- 1964లో ప్రాంతీయ విద్యుత్ బోర్డుల ఏర్పాటు. పొరుగు రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలను అనుసంధానించడానికి ఇవి తోడ్పడ్డాయి.
- 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ స్థాపన. వ్యవసాయ పంపుసెట్లకు, గ్రామాలకు విద్యుత్తు చేర్చడానికి ఇది ఋణాలు సమకూర్చింది.
- 1969లో కృష్ణా జల వివాదాల పరిష్కారానికి బచావత్ ట్రిబ్యునల్ ఏర్పాటు. ఈ ట్రిబ్యునల్ అవార్డు ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీల నికర జలాలు దక్కాయి.

గంగా - కావేరి అనుసంధానం

1972లో రావు గంగా - కావేరి అనుసంధాన పథకాన్ని ప్రతిపాదించాడు. దీని ప్రకారం పాట్నా సమీపంలో గంగానది నుండి సంవత్సరంలో 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల వరద నీటిని తీసుకుని, సుమారు 2,640 కిలోమీటర్ల దూరం నడిపి దక్షిణాదికి చేర్చాలి. మార్గంలో నర్మద, గోదావరి, కృష్ణ, పెన్న మొదలైన నదుల పరీవాహక ప్రాంతాలకు కూడా మేలు కలుగుతుందని ఆశించారు.

ఈ పథకంపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. నీటిని వింధ్య ప్రాంతపు ఎత్తులకు పంపులతో ఎక్కించడానికి వేల మెగావాట్ల విద్యుత్తు కావాలి. అంత విద్యుత్తు ఆనాడు దేశంలో అందుబాటులో లేదు. కేంద్ర జల సంఘం పరిశీలనలో ఖర్చు రావు అంచనా కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. గంగా వరదల నివారణకు కూడా దీనివలన చెప్పుకోదగిన ప్రయోజనం ఉండదని నిపుణులు అభిప్రాయపడ్డారు. పథకం అమలు కాలేదు. అయితే మిగులు నదుల నీటిని కొరత నదులకు మళ్ళించాలనే ఆలోచన జాతీయ స్థాయిలో చర్చకు వచ్చింది. 1980లో జాతీయ దృక్పథ ప్రణాళిక, 1982లో జాతీయ జల అభివృద్ధి సంస్థ వెలువడ్డాయి.

రచనలు

- ఇండియాస్ వాటర్ వెల్త్ (1975) - దేశంలోని నదులు, జలవనరులు, వాటి వినియోగం గురించిన గ్రంథం.
- ది క్యూసెక్స్ కాండిడేట్ - ఆత్మకథ. నీటి ప్రవాహాన్ని కొలిచే క్యూసెక్కు అనే ప్రమాణం, ఎన్నికల అభ్యర్థి అనే మాట కలిసిన ఈ పేరు రచయిత రెండు జీవితాలనూ సూచిస్తుంది.

పురస్కారం

1963లో భారత ప్రభుత్వం రావును పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

మరణం

రావు 1986 మే 18న మరణించాడు. అప్పటికి అతని వయసు 83 సంవత్సరాలు.

పులిచింతల - కె.ఎల్.రావు సాగర్

నాగార్జునసాగర్ నుండి డెల్టాకు వచ్చే నీటిని, మధ్యలో కలిసే వాగుల నీటిని నిలువచేయడానికి ప్రకాశం బ్యారేజికి ఎగువన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో పులిచింతల ప్రాజెక్టును నిర్మించారు. ప్రకాశం బ్యారేజిలో నిలువచేయగల నీరు చాలా తక్కువ. అందువలన డెల్టాలో నారుమళ్ళకు సకాలంలో నీరు అందడానికి దగ్గరలో ఒక జలాశయం అవసరమైంది. 45.77 టీఎంసీల సామర్థ్యం, 24 గేట్లు గల ఈ ప్రాజెక్టును 2013 డిసెంబరులో ప్రారంభించి, డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు.

2021 ఆగస్టు 5 తెల్లవారుజామున ఈ ప్రాజెక్టు 16వ నంబరు గేటు వరదలో కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక ఉక్కు అడ్డుపలకలు దించాలంటే జలాశయ మట్టం తగ్గాలి. అందుకోసం మిగిలిన గేట్లనుండి కూడా భారీగా నీటిని వదలవలసి వచ్చింది. డెల్టా కొరకు నిలువచేసిన నీటిలో చాలాభాగం సముద్రం పాలయింది. 2024 ఆగస్టు 10 రాత్రి కృష్ణ ఉపనది తుంగభద్రపై ఉన్న ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోగా, సుమారు వారం రోజులలో స్టాప్‌లాగులు అమర్చి నీటిని ఆపగలిగారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, కొట్టుకువచ్చిన పడవలు ఢీకొని ప్రకాశం బ్యారేజి గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి.

నాలుగేళ్ళలో జరిగిన ఈ మూడు ఘటనలలోనూ దెబ్బతిన్నవి గేట్లు, వాటిని ఎత్తే సామగ్రి. ప్రధాన కట్టడాలు నిలిచే ఉన్నాయి. రాతి, కాంక్రీటు భాగాలతో పోలిస్తే ఉక్కు భాగాలకు తుప్పు, అరుగుదల, అతుకుల అలసట త్వరగా వస్తాయి. ఏటా వరదకు ముందు గేట్లను ఎత్తి దించి చూడటం, గొలుసులను, ఇరుసులను, అతుకులను పరీక్షించడం, రంగు వేయించడం ఇందువలననే తప్పనిసరి. స్టాప్‌లాగులను ముందే తయారుచేసి ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

ఇతర స్మారకాలు

విజయవాడలో ఒక పేటకు కె.ఎల్.రావు నగర్ అని పేరు ఉంది. ఇంజనీరింగు విద్యార్థులు రావును నిర్మాణ శాస్త్ర గ్రంథకర్తగా, కృష్ణా డెల్టా రైతులు సాగునీటి మంత్రిగా గుర్తుంచుకున్నారు.

ఇవి కూడా చూడండి

- ప్రకాశం బ్యారేజి
- నాగార్జునసాగర్
- పులిచింతల ప్రాజెక్టు
- సర్ ఆర్థర్ కాటన్
- విజయవాడ లోక్‌సభ నియోజకవర్గం